దసరా మరునాడు లేత్ షెడ్డులో

మా గల్లీలో నా గురించి ఒక కథ నడుస్తోంది. గల్లీ దాటి, సంగారెడ్డిలో నేను పాఠాలు చెప్పే స్కూలు స్టాఫ్‌రూముకు చేరింది. అక్కడి నుంచి మా చుట్టాల పెళ్ళిళ్ళ బంతుల్లోకి కూడా పోయింది. పక్షవాతంతో మాట పడిపోయిన మొగుడి కోసం ఒక టీచరమ్మ తుప్పు పట్టిన లేత్ మిషన్‌ను తన చేతులతో బాగుచేసిందట. మిషన్ మళ్ళీ తిరిగిన రోజు ఆయనను చక్రాల కుర్చీలో తెచ్చి దాని ముందు కూర్చోబెట్టిందట. ఆ చప్పుడు చెవిన పడగానే ఆయన కళ్ళ నుంచి ఆనందబాష్పాలు రాలాయట, పడిపోయిన చెయ్యి దానంతటదే లేచిందట. పక్క షెడ్డాయన ఫోన్లో తీసిన వీడియో కూడా తిరుగుతోంది. దానికి వెనకాల సన్నాయి కలిపారు. మా హెడ్మాస్టరు గారైతే ఒక సోమవారం ప్రార్థనలో నన్ను పిల్లలందరి ముందు నిలబెట్టి, భార్య అంటే ఇట్లా ఉండాలి అన్నారు.

పిల్లల ముందు కాబట్టి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. లేచింది ఎడమ చెయ్యి. ఆ చేతికి ఏనాడూ ఏమీ కాలేదు. ఎడమ చేత్తో అన్నం తినడానికి సిగ్గుపడి మొదట నెల రోజులు నా చేత తినిపించుకున్నాడు. ఇప్పుడు దానితోనే చెంచా పట్టుకుంటాడు. వీడియో చూసేవాళ్ళకు ఏ చెయ్యో పట్టింపు లేదు. ఇక మిషన్ బాగుచేసిన చేతుల్లో నావి సగం కూడా కావు. కన్నీళ్ళ సంగతంటారా, అవి ఆనందానివని గల్లీ అంతా కలిసి ఎట్లా తేల్చిందో నాకు తెలియదు. ఇరవై ఐదేళ్ళు కాపురం చేసిన నేనే తేల్చుకోలేకుండా ఉన్నాను.

వాళ్ళ కథలో అసలు లేని సంగతి ఇంకొకటుంది. ఆ మిషన్‌ను పాడుచేసింది కూడా నేనే.

మా ఆయన టర్నర్, లేత్ మీద ఇనుమును తిప్పి చెక్కే పనివాడు. పటాన్‌చెరులో ఒక పెద్ద కంపెనీ మిషన్ షాపులో పనిచేసేవాడు. కంపెనీ ఆ షాపును మూసేసి అందరినీ ఇళ్ళకు పంపినప్పుడు, తను నిలబడి పనిచేసిన లేత్‌నే తుక్కు వేలంలో కొనుక్కుని ట్రాక్టరు మీద వేయించుకొచ్చాడు. ఎప్పుడో పంజాబులో పోతపోసిన ఆరడుగుల మిషన్. అప్పటికి మాకు పెళ్ళయి ఐదేళ్ళు. ఇంట్లో ఫ్రిజ్ లేదు.

"ఫ్రిజ్ తెమ్మంటే ఇనుప బర్రెను తెచ్చినవా?" అన్నాను, ట్రాక్టరు డ్రైవరు వింటుండగానే.

"బర్రెనే గదా, పాలిస్తది తియ్యి," అన్నాడు.

ఇచ్చింది. హైవే పక్క గల్లీలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని దాన్ని నిలబెట్టాడు. బొల్లారం, కాజీపల్లి మందుల ఫ్యాక్టరీల నుంచి పంపుల షాఫ్టులు, బుష్‌లు, పిన్నులు, అరిగిపోయిందేదైనా సంచిలో వేసుకుని ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. ఆయన దాన్ని చేతిలో తిప్పి చూసి, గోరుతో ఒకసారి గీకి, "రేపు పొద్దుగాల రా" అనేవాడు. నేను సాయంత్రం సంగారెడ్డి బస్సు దిగి ఇంటికి పోయేముందు షెడ్డుకే పోయేదాన్ని. ముక్కను పట్టి తిప్పే చక్ తిరుగుతుంటే, తెల్లటి కటింగ్ నూనె నా చీర కుచ్చిళ్ళ మీద చిట్లుతుంటే, అక్కడే నిలబడి ఆ రోజు కొట్లాట మొదలుపెట్టేదాన్ని. ట్యాంకరు రాలేదని, వాళ్ళ అక్క ఫోన్లో ఏదో అన్నదని, పిల్లకు ఏ గ్రూపు ఇప్పించాలని. నేను పది మాటలంటే ఆయన ఒకటి అనేవాడు. ఆ ఒక్కటీ బాగానే ఉండేది గానీ చివరకు గెలిచేది నేనే. బీయస్సీలో గెలిచిన వక్తృత్వ పోటీల కప్పులు ఇప్పటికీ మా షోకేసులో ఉన్నాయి. గెలవడం నాకు అలవాటు.

మూడేళ్ళు కావస్తోంది. వానాకాలం చివర, ఒక పొద్దున, ఆయన చేతిలోని చాయ్ గ్లాసు దానంతటదే వంగింది. చాయ్ అంగీ మీద పడుతున్నా గ్లాసు వైపే చూస్తున్నాడు, అదేదో వేరేవాళ్ళ చెయ్యి అయినట్టు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి. మాటల్లో ఒకటే మిగిలింది, "ఇగ." ఆకలైనా ఇగనే, చాలన్నా ఇగనే, టీవీ ఆపమన్నా ఇగనే. ఏ ఇగకు ఏ అర్థమో మొహం చూసి పోల్చుకోవాలి. పది మాటలకు ఒక మాట చెప్పే మనిషి, ఇప్పుడు ఆ ఒక్క మాటా నేనే వెతుక్కోవాలి.

వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చేది. మెత్తటి బంతి ఇచ్చి పిసకమనేది. ఆయన దాన్ని రెండుసార్లు ఒత్తి కుర్చీ కిందికి దొర్లించేవాడు. రెండేళ్ళు పోయాక ఒకరోజు ఆ అమ్మాయి వాకిట్లో చెప్పులేసుకుంటూ అన్నది: "మేడం, సారుకు బంతి మీద మనసు లేదు. ఇన్నేండ్లు చేసిన పని చేతులకు యాదికుంటది. గది ఏదన్న ముందర పెట్టి సూడుండ్రి. జెరంత కదలిక వచ్చినా మనకు లాభమే."

నేను ఆ మాటను పట్టుకున్నాను. లేత్ తిరగాలి. ఆయన దాని ముందు కూర్చోవాలి. హ్యాండిల్ మీద ఒక్కసారి చెయ్యి వేస్తే చాలు, మిగిలింది చెయ్యే చూసుకుంటుంది. నవ్వకండి, సైన్సు టీచరు కూడా మనిషే.

కానీ లేత్ అప్పటికి తిరిగే స్థితిలో లేదు. ఆయనకు పక్షవాతం వచ్చిన ఏడు, దసరా దాటాక, షెడ్డు ఖాళీగా ఉండొద్దని మిషన్‌ను ఒక ఒరిస్సా టర్నర్‌కు కిరాయికి ఇచ్చాను. కాజీపల్లిలో రూమ్‌లో ఉండేవాడు, ముప్పై దాటిన మనిషి, తల వంచుకుని పనిచేసుకునేవాడు. మూడు నెలలు తిరగకముందే మిషన్ పొగలు కక్కి ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి హెడ్‌స్టాక్, అంటే మిషన్ తలకాయ భాగం, చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉంది.

"నూనె పోసినవా, లేదా?" అన్నాను.

"మేడం, రోజూ తేల్ పోస్తున్న. అందర్ పోతలేదు. బయటనే కారుతుంది."

"లోపలికి పోకుంటే ఎటు పోయింది? నీ పూరీలు గోలిచ్చుకున్నవా?"

"మేడం, మేరీ బాత్ సునో..."

వినలేదు. చుట్టుపక్కల నాలుగు షెడ్ల వాళ్ళు వచ్చి నిలబడ్డారు. జనం ఉంటే నా గొంతు ఇంకా బాగా పలుకుతుంది. దొంగపని అన్నాను, పరాయి మనిషి సొమ్మంటే గింతే అన్నాను, పడిపోయినాయన మిషన్ అని కూడా చూడలేదన్నాను. అతను తన వెర్నియర్ కాలిపర్‌ను గుడ్డలో చుట్టుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని పోయాడు. ఆ రోజు కూడా నేనే గెలిచాను. షెడ్డుకు తాళం వేశాను.

ఈ వేసవి సెలవుల్లో ఆ తాళం తీశాను. పాత రేకుల్లోంచి కారిన రెండు వానాకాలాల నీళ్ళు మిషన్ మీద ఎర్రగా ఆరిపోయి ఉన్నాయి. మా మరిది వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి, "తుక్కోనికి ఇచ్చేయి వదినా, జాగ మిగుల్తది" అన్నాడు. నిన్ను ఇచ్చినా జాగా మిగులుతుందన్నాను. మళ్ళీ రాలేదు.

మా ఆయనతో పాటు అదే కంపెనీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఉన్నాడు. తర్వాత మా గల్లీలోనే ఒక షెడ్డులో చాలా ఏళ్ళు పనిచేశాడు. మా ఆయన పడిపోవడానికి కొన్ని నెలల ముందే సంగారెడ్డిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. నన్ను చెల్లె అంటాడు, నేను అన్న అంటాను. ఫోన్ చేసి ఏడుపు ఆపుకుంటూ సంగతి చెబితే, మరునాడు పొద్దున మొదటి బస్సుకే దిగాడు, సంచిలో పానాలు, ఒక పాత బనియన్ల మూట.

నాలుగు రోజులు డీజిల్‌తో తుడవడమే సరిపోయింది. మూడు బకెట్ల డీజిల్ నల్లగా, చిక్కటి చారులా మారింది. తుప్పును పాలిష్ కాగితంతో తీయడం నా వంతు. రెండో రోజు అన్న వెనక నిలబడి కాసేపు చూశాడు.

"చెల్లె, అంట్లు తోముతున్నవా?"

"ఏమైంది ఇప్పుడు?"

"గుండ్రంగ రుద్దుతున్నవ్. గది బెడ్డు, రైలు పట్టా అసొంటిది. సాడిల్ దాని మీద నిలువుగ నడుస్తది. నువ్వు గుడ నిలువుగనే రుద్దాలె."

"ఏ పుస్తకంల ఉన్నది?"

"నలభై ఏండ్ల పుస్తకం. నీ అసొంటోళ్ళకు అరువియ్యం."

నవ్వాను. రెండున్నరేళ్ళలో నాకు ఎదురు మాట చెప్పిన మొదటి మనిషి. ఆ నాలుగు రోజులు నాకు పండగలాగే ఉన్నాయి, అది దాచను. సాయంత్రం ఇంటికి వెళ్ళి నా నల్లటి వేళ్ళు మా ఆయన ముక్కు దగ్గర పెట్టేదాన్ని. వాసన చూసేవాడు. కళ్ళు మూసుకునేవాడు. ఇంకా కొన్ని రోజులు ఓపిక పట్టు అనేదాన్ని.

ఐదో రోజు హెడ్‌స్టాక్ మూత విప్పాం. లోపల తిరిగే ఇరుసును మోయడానికి రెండు చివరలా రెండు గన్‌మెటల్ బుష్‌లు ఉంటాయి, బంగారు రంగులో ఉండాల్సినవి. ముందుది నల్లగా కాలి, లోతుగా చాళ్ళు పడి ఉంది. ఇరుసు మీద వేడికి పడ్డ నీలం మచ్చ.

"సుక్క నూనె తాగలే ఇది," అన్నాడు అన్న.

"నేను చెప్పలే? ఆ ఒరిస్సాయన..."

"ఆగు." మూత మీద నూనె పోసే చోట వేలు పెట్టాడు. మిషన్ ఒంటి మీద అక్కడక్కడా చిన్న ఇత్తడి రింగులు ఉంటాయి, మధ్యలో ఒక ఉక్కు గోళీ. నూనె డబ్బా మూతితో ఆ గోళీని నొక్కితే దారి తెరుచుకుని నూనె లోపలికి దిగుతుంది. ఇది నాకు అప్పుడు తెలిసింది. అంతవరకు అవి మొలల తలలనుకున్నాను. అన్న సైకిల్ స్పోక్ ఒకటి తీసుకుని గోళీని నొక్కి లోపల కెలికాడు. ఏదో గట్టిగా అడ్డం తగిలింది. ఇంకొంచెం తిప్పి లాగితే, చిన్న పెసరగింజంత ముద్ద ఊడివచ్చి అన్న అరచేతిలో పడింది.

"గ్రీజు గాదు చెల్లె ఇది." వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. మొహమంతా నవ్వు పరుచుకుంది. "పసుపు. ఇగో, ఇది కుంకుమ. ఆఖరి దసరా సరుకు, గట్టిగైంది. మా వోనికి పానం మంచిగుంటే తెల్లారే తీస్తుండె పాపం."

"ఏం తీస్తుండె?"

"నీ బొట్లు."

నాకు అర్థం కాలేదు. అన్న నా మొహం చూశాడు. నవ్వు మెల్లగా తగ్గింది.

"నీకు తెల్వదా? ఆయన చెప్పలేదా?"

"ఏం చెప్పాలె?"

"అరే... గల్లీ మొత్తానికి ఎరుకే గదా చెల్లె."

దసరా నాడు మా వైపు ప్రతి మిషన్‌కూ పూజ ఉంటుంది. ఫ్యాక్టరీ అయినా, పంక్చర్ దుకాణమైనా ఆ రోజు పనిముట్టు కడిగి, పసుపు పూసి, బంతిపూల దండ వేస్తారు. మా షెడ్డులో ఆ పని నాది. నూనెలో పసుపు కలిపి గట్టి ముద్ద చేసుకుని, మిషన్ మీద ఆ ఇత్తడి రింగులు కనపడ్డ చోటల్లా ఉంగరం వేలుతో నొక్కి పెట్టి, పైన కుంకుమ అద్దేదాన్ని. బొట్టు కోసమే చేసినట్టు గుండ్రంగా, అమరికగా ఉండేవి. మొత్తం పదకొండు. బేసి సంఖ్య కదా అని కూడా సంతోషపడ్డాను.

అన్న చెప్పకుండా ఉండలేకపోయాడు, నేను వినకుండా ఉండలేకపోయాను. ప్రతి ఏడూ దసరా మరునాడు మా ఆయన పని పట్టేవాడు కాదట. ముక్కాలి పీట వేసుకుని, ఒక స్పోక్, ఒక గిన్నెడు డీజిల్ పెట్టుకుని, పదకొండు రంధ్రాలూ ఒక్కొక్కటిగా గోళీ నొక్కి కెలికి, కడిగి, నూనె దిగేదాకా చూసేవాడట. ఒక పూట పట్టేదట. గల్లీ వాళ్ళు చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడేవాళ్ళట.

"మేము అడుగుతుంటిమి, ఏమయ్యా, వదిన అభిషేకం చేసిందా అని. గాయన తల ఎత్తకుంటనే అంటుండె, బీయస్సీ బొట్టు గదనే, జల్ది ఊడది అని. మస్తు నవ్వుతుంటిమి. ఒకపారి నేనే అన్న, ఇంట్ల చెప్పరాదు, ఏటేట ఈ పని ఏంది అని."

"ఏమన్నడు?"

"నవ్విండు. ఏమనలే."

నేను అక్కడే, డీజిల్ బకెట్ పక్కన కూర్చుండిపోయాను. ప్రతి దసరా మరునాడు ఇంటినిండా చుట్టాలుంటే షెడ్డుకు పోతాడేంది ఈ మనిషి అని నేను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. మొదటి ఏడు కూడా గుర్తొచ్చింది. పసుపు పళ్ళెం పట్టుకుని నా వెనకే నడుస్తూ, మూడో బొట్టు దగ్గర, "తలకాయకు ఒక్కటి వెడ్తె సాలదా?" అన్నాడు. నేను అందరి ముందూ తిరిగి నిలబడ్డాను. అన్నం పెట్టే మిషన్‌కు బొట్టు పెట్టడానికి కూడా పిసినారితనమా, పూజ ఎట్లా చెయ్యాలో టర్నర్లు చెబితే నేర్చుకునే గతి నాకింకా రాలేదు అన్నాను. టర్నర్లు అని ఎందుకన్నానో. అన్నాను. ఆయన పళ్ళెం ఇంకొంచెం దగ్గరగా పట్టాడు. అంతే. పదిహేడు దసరాలు ఆ పళ్ళెం పట్టాడు.

ఇంకా ఘోరం, ఆ ఒరిస్సా మనిషి. మా ఆయన పడిపోయిన ఏడు నేను ఒక్కదాన్నే పూజ చేశాను. ఆయన లేచి నడిస్తే చాలు తల్లీ అని మొక్కుకుని, ఎప్పటికంటే ఎక్కువ ముద్ద పెట్టి, ఎప్పటికంటే గట్టిగా నొక్కాను. తర్వాత వారం రోజులకు ఆ టర్నర్ హెడ్‌స్టాక్ మీది బొట్టు చూపించి, "మేడం, ఇది తీసేయాల్నా?" అని అడిగాడు. నేను మండిపడ్డాను. మొక్కుకుని పెట్టిన బొట్టు, ఆయన లేచేదాకా దాని మీద చెయ్యి వెయ్యొద్దు అన్నాను. అతను రెండు చెవులూ పట్టుకున్నాడు. ఆ తర్వాత పనిచేసినన్నాళ్ళూ బొట్టు చెదరకుండా దాని పైనుంచే నూనె పోసి ఉంటాడు. అది బయటికే కారి ఉంటుంది. ఆ మాటే నాకు చెప్పబోయాడు.

ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం చెప్పేది నేనే. కదిలే భాగాల మధ్య ఘర్షణ తగ్గించడానికి కందెనలు వాడతారు అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టి, పరీక్షకు వస్తుంది అంటాను.

అన్న రెండు రోజులు పని ఆపి కొత్త బుష్‌ల కోసం తిరుగుతుంటే, నేను కాజీపల్లి పోయాను. రూమ్‌ల వరసలో ఇంటి యజమానురాలు బట్టలు ఆరేస్తోంది.

"ఏ ఒరిస్సాయన అమ్మా? గీడ అందరు గాళ్ళే ఉంటరు."

టర్నర్ అన్నాను, బక్కగా ఉంటాడు అన్నాను, ఎక్కువ మాట్లాడడు అన్నాను.

"మాట్లాడేటోళ్ళు ఎవరున్నరు గీళ్ళల్ల? పొద్దుగాల పోతరు, వచ్చి పంటరు. ఏం, మీకు ఏమన్న ఎత్తుకపోయిండా?"

"లేదు," అన్నాను. "నేనే ఒక మాట అన్నాను."

ఆమె తడి దుప్పటి పిండుతూ ఆగి, గింత దూరం దానికొచ్చినవా అన్నట్టు చూసింది. నిలబడి నిలబడి బస్సెక్కాను. అతని పేరు కూడా నేను సరిగ్గా తెలుసుకోలేదు.

బుష్‌లు వేరే లేత్ మీద చేయించి తెచ్చాం. అన్న వాటి లోపల నీలం రంగు పూసి, ఇరుసు పెట్టి తిప్పి, ఎక్కడ తగులుతోందో చూసి అక్కడే గీకి, మళ్ళీ పూసి, మూడు రోజులు అదే పని. నాకు నూనె పోయడం నేర్పాడు. గోళీ మీద డబ్బా మూతి నిలువుగా పెట్టు, నొక్కు, తొందరపడకు, బుష్ అంచున తడి కనపడేదాకా ఆగు. పదకొండు చోట్లా నేనే శుభ్రం చేశాను. ఆయన స్పోక్‌తో ఎట్లా కెలికేవాడో అన్న చూపించాడు, అట్లాగే. ప్రతి రంధ్రంలోంచీ నా వేలి కొలత ముద్ద వచ్చింది. వాటిని ఒక కాగితంలో పెట్టాను. తర్వాత ఆ కాగితం ఎందుకో కోపమొచ్చి బకెట్లో పడేశాను.

ఇక వాళ్ళ వీడియో రోజు. ఆటోలో ఆయనను తెచ్చి కుర్చీలోకి దింపాం. గల్లీలో అందరూ వచ్చారు. స్విచ్ నేనే వేశాను. లేత్ తిరిగింది. గరగర లేదు, మూలుగు లేదు, తేనెటీగలు దూరంగా పోతున్నట్టు సన్నటి చప్పుడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన తల ఒక పక్కకు వంచి విన్నాడు. నేను ఆయన కుడి చేతిని తీసుకుని సాడిల్‌ను జరిపే హ్యాండిల్ మీద పెట్టాను. అది జారి ఒళ్ళో పడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. మూడోసారి పెట్టబోతే ఆయన ఎడమ చేత్తో నా చెయ్యి తోసేశాడు.

అప్పుడు లేచిందండీ మీరు చూసిన చెయ్యి. లేచి, హెడ్‌స్టాక్ మీది ఇత్తడి రింగును తాకింది. చూపుడు వేలి గోరుతో గోళీ చుట్టూ గీకాడు. గోరు చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది, నూనె మెరుస్తోంది. రెండోదాన్ని గీకాడు. కుర్చీ జరపమని తల ఆడించాడు, అన్న జరిపాడు. సాడిల్ మీదివి, చివరన టెయిల్‌స్టాక్ మీదివి, పదకొండూ చూశాడు. జనానికి అది లేత్‌ను నిమురుతున్నట్టు కనపడింది. చివరిది చూసుకుని నా వైపు తిరిగాడు. అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు.

ఏడుస్తూనే స్విచ్ వైపు చెయ్యి చూపించాడు. అన్న ఆపాడు. "ఇగ," అన్నాడు, కుర్చీ చక్రం తనే తిప్పుకోబోతూ, తలుపు వైపు. వీడియోలో ఈ ముక్క లేదు.

నేను బీయస్సీ బొట్టు సంగతి తెలుసుకున్నానని ఆయనకు ఆ క్షణాన తెలిసిపోయింది, అది నిశ్చయం. మిగిలిందంతా నా ఊహే. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ మిషన్ దగ్గర ఆయన ఎడమ చేత్తో చెయ్యగలిగిన పని అదొక్కటే మిగిలి ఉండె, ఒక స్పోక్ పట్టుకుని కూర్చుని ఆ రంధ్రాలు తీయడం. దాన్ని కూడా నేనే చేసేసి, శుభ్రంగా తుడిచి, చూడు అని ముందు పెట్టాను. ఫిజియో అమ్మాయి చెప్పిన, చేతులకు గుర్తుండే పని నా చేతుల మీదుగా బకెట్లోకి పోయింది.

ఆ తర్వాత ఆయన షెడ్డుకు రాలేదు. ఆటో పిలిస్తే మొహం తిప్పుకుంటాడు. మెత్తటి బంతి మళ్ళీ కుర్చీ కింద దొర్లుతోంది. ఆదివారాలు నేను వెళ్ళి నూనె పోసి పది నిమిషాలు ఖాళీగా తిప్పి వస్తాను. ఎవరికో చెప్పాలి కాబట్టి, తుప్పు పట్టకుండా అని చెప్తాను.

మొన్న ఆదివారం గడ్డం గీస్తూ అడిగాను. బ్లేడు చెంప మీద ఉంది, ఎటూ తిరగలేడు కదా అని అప్పుడే అడిగాను. "ఊరందరికీ చెప్పినవు గదా, నాకెందుకు చెప్పలే?" పరీక్ష పేపరు తయారుచేసేదాన్ని కాబట్టి ప్రశ్నను సులువు చేశాను. మొదటిదైతే ఒక వేలు ఎత్తు, రెండోదైతే రెండు వేళ్ళు ఎత్తు అన్నాను. ఏది మొదటిదో, ఏది రెండోదో విడమరిచి చెప్పాను. ఆయన ఎడమ చెయ్యి ఒళ్ళో అట్లాగే ఉంది. ఇటు కూడా గీయమన్నట్టు రెండో చెంప నా వైపు తిప్పాడు.

గీశాను. ఏం చేస్తాను.

అందరికీ చెప్పుకుని నవ్విన మాట, పదిహేడు దసరాలు నాకొక్కదానికే చెప్పకుండా ఆపింది నా మీది ఇష్టమా, నా నోటి మీది భయమా?